గాయం ఒంట్లో ఉంది, కాగితం ఫైల్లో లేదు: పర్పుల్ హార్ట్ కోసం సైనిక రికార్డు దిద్దించుకోవడం ఎందుకంత కష్టం?

2024లో అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో 96 ఏళ్ళ మాజీ సైనికుడికి, శత్రువు చేతిలో గాయపడిన సైనికులకిచ్చే పర్పుల్ హార్ట్ పతకం ఇచ్చారు. ఆయన గాయపడింది 1951 జూన్‌లో, కొరియా యుద్ధంలో. మధ్యలో 73 ఏళ్ళు గడిచిపోయాయి. మోర్టార్ గుండు పేలినప్పుడు ఎగిరొచ్చిన ఇనప ముక్క తొడలో దిగింది, పతకం అందుకునే రోజుకి కూడా అది అక్కడే ఉంది. మాజీ సైనికుల ఆస్పత్రి డాక్టర్లు కూడా ఇది యుద్ధంలో తగిలిన దెబ్బే అయి ఉంటుందన్నారు. అయినా ఆర్మీ మొదట ఒప్పుకోలేదు, ఇంకా కాగితాలు కావాలంది. 2023లో ఆయన కోర్టుకెక్కారు, ఆ తర్వాతే మళ్ళీ పరిశీలించి పతకం ఇచ్చారు.

ఇలాంటి వార్త చదివితే ఎవరికైనా వచ్చే ప్రశ్న ఒకటే. ఒంట్లో ఇనప ముక్క కనిపిస్తుంటే ఇంకా ఏం సాక్ష్యం కావాలి? ప్రశ్నలో న్యాయం ఉంది. కాకపోతే ఆర్మీ అడిగేది "గాయం అయిందా" అని ఒక్కటే కాదు, ఆ గాయం ఎవరి వల్ల అయింది, ఎవరు వైద్యం చేశారు, అది ఎక్కడ రాసిపెట్టారు అని కూడా అడుగుతుంది. ఈ మూడింటినీ విడివిడిగా చూస్తే తప్ప మొత్తం వ్యవహారం అర్థం కాదు.

పతకం ఎక్కడ మొదలైంది

1782 ఆగస్టు 7న జార్జ్ వాషింగ్టన్ న్యూయార్క్ దగ్గర న్యూబర్గ్‌లో ఉన్నప్పుడు మామూలు సైనికుల కోసం ఒక గుర్తింపు పెట్టాడు. ఊదా రంగు బట్టతో గుండె ఆకారంలో చేసిన బ్యాడ్జి అది. ముగ్గురికి ఇచ్చినట్టే ఆధారాలు దొరికాయి, ఆ తర్వాత దాన్ని అందరూ మర్చిపోయారు. వాషింగ్టన్ పుట్టి 200 ఏళ్ళయిన సందర్భంగా 1932 ఫిబ్రవరి 22న ఆర్మీ అధిపతి డగ్లస్ మెకార్థర్ దాన్ని పర్పుల్ హార్ట్ పేరుతో మళ్ళీ తెచ్చాడు. అప్పట్లో మంచి సేవకి కూడా ఇచ్చేవారు. 1942 నుంచి శత్రువు చేతిలో గాయపడినవారికి, చనిపోయినవారికి మాత్రమే అని తేల్చి, నౌకాదళానికీ మెరీన్లకీ కూడా వర్తింపజేశారు.

మిగతా పతకాలకీ దీనికీ ఒక పెద్ద తేడా ఉంది. శౌర్య పతకమైతే పై అధికారి సిఫారసు చేయాలి, ఇతను మిగతావాళ్ళకంటే ఎక్కువ ధైర్యం చూపాడా అని ఎవరో తూచాలి. పర్పుల్ హార్ట్‌కి సిఫారసు అక్కర్లేదు. షరతులు సరిపోతే అది సైనికుడి హక్కు. అందుకే పతకం రాకపోతే "నాకు దక్కాల్సిన గౌరవం దక్కలేదు" అనడం కంటే "నా రికార్డులో తప్పుంది" అనడమే సరైన మాట అవుతుంది. రికార్డు దిద్దమని అడిగే హక్కు అక్కడి నుంచే పుడుతుంది.

మూడు షరతులు, మూడూ కలిసి ఉండాలి

మొదటిది, గాయం శత్రువు చర్య వల్ల అయి ఉండాలి. రెండోది, వైద్యాధికారి చికిత్స అవసరమయ్యేంత గాయం అయి ఉండాలి. మూడోది, ఆ చికిత్స అధికారిక రికార్డుకి ఎక్కి ఉండాలి.

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. వియత్నాంలో ఒకే రాత్రి ఇద్దరికి చేతులు విరిగాయి. మొదటివాడు వెళ్తున్న ట్రక్కు శత్రువు పెట్టిన మందుపాతర మీద ఎక్కి బోల్తా పడింది. రెండోవాడి ట్రక్కు బురదలో జారి గుంటలో పడింది. ఎముక ఒకేలా విరిగింది, ఆస్పత్రి ఒకటే, కట్టు కట్టిన డాక్టరూ ఒకడే కావచ్చు. మొదటివాడికి పతకం వస్తుంది, రెండోవాడికి రాదు. నొప్పి ఎంత అన్నది లెక్కలో లేదు, కారణమే లెక్క. ఆస్పత్రి కాగితంలో "వాహన ప్రమాదంలో చెయ్యి విరిగింది" అని మాత్రమే రాసి ఉంటే, మందుపాతర సంగతి ఎవరూ రాయకపోతే, యాభై ఏళ్ళ తర్వాత ఆ ఫైలు తెరిచినవాళ్ళకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. చాలా దరఖాస్తులు సరిగ్గా ఇక్కడే ఇరుక్కుంటాయి.

సొంత సైన్యం తూటా తగిలితే? శత్రువుతో పోరాడుతున్న సమయంలో అలా తగిలితే పతకం ఇవ్వొచ్చని 1985లో చట్టం చేశారు. వడదెబ్బ, ఫుడ్ పాయిజనింగ్, జబ్బులు, శత్రువు ప్రమేయం లేని ప్రమాదాలు లెక్కలోకి రావు. గడ్డకట్టే చలికి కాలివేళ్ళు దెబ్బతినడం ఒకప్పుడు ఆర్మీ నిబంధనల్లో గాయం కిందే ఉండేది, 1951లో తీసేశారు. అంటే గాయమనే మాటకి అర్థమే కాలాన్ని బట్టి మారింది, అందుకే ఏ దరఖాస్తునైనా ఏ కాలపు నిబంధనతో చూడాలన్నది కూడా ఒక ప్రశ్నే.

శత్రువు ఎవరు అన్న ప్రశ్న కూడా తేలిక కాదు. 2009 నవంబరులో టెక్సాస్‌లోని ఫోర్ట్ హుడ్‌లో ఒక ఆర్మీ డాక్టరే తోటివాళ్ళ మీద కాల్పులు జరిపితే 13 మంది చనిపోయారు. విదేశీ ఉగ్రవాద సంస్థ ప్రేరణతో జరిగిన దాడిని కూడా శత్రువు చర్యగా చూసేలా చట్టాన్ని మార్చాక, 2015లో గానీ ఆ బాధితులకి పర్పుల్ హార్ట్ అందలేదు.

కంటికి కనిపించని గాయాలు

పేలుడు జరిగినప్పుడు ఒంటి మీద గీత పడకపోయినా ఆ అదురుకి మెదడు దెబ్బతినొచ్చు. దీని మీద చాలాకాలం గందరగోళం నడిచింది. స్పృహ తప్పడం గానీ, లక్షణాలు తగ్గక 48 గంటలకు మించి పూర్తి డ్యూటీకి పంపలేని స్థితి గానీ ఉంటే అర్హత ఉంటుందని 2011లో ఆర్మీ స్పష్టం చేసింది.

అది రాసుకున్నా సమస్య తీరలేదని 2020 జనవరి 8న తెలిసింది. ఆ రోజు ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు వేసింది. ఎవరికీ ఏమీ కాలేదని మొదట ప్రకటించారు. రోజులు గడిచేకొద్దీ తలనొప్పులు, తల తిరగడాలు బయటపడి, చివరికి వందమందికి పైగా మెదడుకి దెబ్బ తగిలిందని తేల్చారు. మొదట 29 మందికి పర్పుల్ హార్ట్ ఇచ్చారు. 2021 డిసెంబరులో ఇంకో 39 మందికి మంజూరు చేశారు. ఇప్పటి ఆర్మీలో, ఇంత టెక్నాలజీ ఉండి, ప్రపంచమంతా చూస్తుండగా జరిగిన దాడిలోనే మొదటి లెక్క తప్పింది. మరి 1951లో ఒక కొండ మీద, చీకట్లో, గుళ్ళ వానలో ఏ మెడిక్, అంటే సైనికుల వెంటే ఉండి ప్రథమ చికిత్స చేసేవాడు, ఏం రాసి ఉంటాడు? దరఖాస్తుల్ని అనుమానంగా చూసేవాళ్ళు ముందు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే బాగుంటుందని నాకనిపిస్తుంది.

యుద్ధం మిగిల్చే మానసిక గాయం, అంటే పీటీఎస్‌డీ విషయానికొస్తే 2009 జనవరిలో అమెరికా రక్షణ శాఖ, అంటే పెంటగాన్, దానికి పర్పుల్ హార్ట్ ఇవ్వకూడదని నిర్ణయించింది. శత్రువు కావాలని చేసిన ఒక ఫలానా గాయంగా దాన్ని చూపలేమన్నది వాళ్ళ వాదన. పర్పుల్ హార్ట్ అందుకున్నవాళ్ళ సంఘం కూడా అప్పట్లో ఇవ్వొద్దనే చెప్పింది. మనసుకి తగిలిన దెబ్బ కూడా దెబ్బే అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ చర్చ ముగియలేదు.

కాగితం ఎక్కడ పోతుంది

మూడు చోట్ల పోతుంది.

మొదటిది యుద్ధభూమి. పక్కవాడి కాలు తెగిపోయి ఉంటే మెడిక్ ముందు అతన్ని చూస్తాడు, చిన్న ముక్క దిగినవాడికి కట్టు కట్టి పంపేస్తాడు. రాయడం తర్వాత చూసుకుందాం అనుకుంటాడు, ఆ తర్వాత అన్నది రాకముందే అతనే చనిపోవచ్చు. సైనికుడు కూడా తోటివాళ్ళని వదిలి ఆస్పత్రిలో పడుకోవడం ఇష్టంలేక వెనక్కి వెళ్ళిపోతాడు.

రెండోది డిశ్చార్జి సమయం. సర్వీసు ముగిసి ఇంటికి పంపేటప్పుడు అమెరికా మిలటరీ ఇచ్చే కాగితాన్ని డీడీ 214 అంటారు. మన పిల్లల టీసీ లాంటిది అనుకోవచ్చు, జీవితాంతం అదే ఆధారం. కొరియా కాలం నాటి ఫారంలో యుద్ధ గాయాలకి ప్రత్యేకంగా ఒక గడి కూడా ఉండేది. ఆ గడి క్లర్కు ఖాళీగా వదిలేస్తే, ఇంటికి వెళ్ళే ఆత్రంలో ఉన్న ఇరవై ఏళ్ళ కుర్రాడు చూసుకోకుండా సంతకం పెట్టేస్తే, ఆ ఖాళీయే తర్వాత అతని మీద సాక్ష్యంగా నిలబడుతుంది.

మూడోది అగ్నిప్రమాదం. 1973 జులై 12న మిస్సోరీలోని సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డుల భవనం కాలిపోయింది. 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల వరకు ఫైళ్ళు పోయాయని అంచనా. 1912 నవంబరు నుంచి 1960 జనవరి మధ్య ఆర్మీ నుంచి డిశ్చార్జి అయినవారి రికార్డుల్లో దాదాపు 80 శాతం బూడిదయ్యాయి. రెండు ప్రపంచ యుద్ధాలు, కొరియా, అన్నీ ఆ మధ్యలోనే ఉన్నాయి. వాటికి నకళ్ళు లేవు, మైక్రోఫిల్మ్ కూడా తీయలేదు. దాదాపు 65 లక్షల ఫైళ్ళని తడిసినవీ అంచులు కాలినవీ ఏరి కాపాడారు.

పోయిన ఫైలుకి బదులుగా వెతికేవి కొన్ని ఉన్నాయి. యూనిట్ ప్రతి ఉదయం రాసే హాజరు నివేదిక, పతకాలు ప్రకటించే జనరల్ ఆర్డర్లు, వియత్నాం అయితే గాయపడినవాళ్ళ జాబితా, సర్జన్ జనరల్ కార్యాలయం గణాంకాల కోసం దాచిన 1942-45, 1950-54 నాటి ఆస్పత్రి కార్డుల వివరాలు. ఈ చివరిది చాలామందిని ఆదుకుంది, అయితే అందులో అందరి పేర్లూ లేవు. పేరు ఉంటే పని జరుగుతుంది. లేకపోతే గాయం కాలేదని కాదు, కానీ దరఖాస్తు తిరస్కరించే ఉత్తర్వుల్లో "జాబితాలో పేరు లేదు" అన్న మాట తరచుగా కనిపిస్తుంది.

బోర్డు అంటే ఏమిటి, ఏం చూస్తుంది

1946కి ముందు ఒక సైనికుడి రికార్డులో తప్పుంటే అమెరికా పార్లమెంటైన కాంగ్రెస్‌లోని సభ్యుడి చేత ఒక్కడి కోసం ప్రత్యేక బిల్లు పెట్టించాల్సి వచ్చేది. ఆ భారం తగ్గించుకోవడానికి 1946లో ఈ అధికారాన్ని సైనిక శాఖలకి అప్పగించారు, అలా రికార్డుల దిద్దుబాటు బోర్డులు పుట్టాయి. ఆర్మీకి ఒకటి, నౌకాదళానికీ మెరీన్లకీ కలిపి ఒకటి, వైమానిక దళానికి ఒకటి. నిర్ణయించేది యూనిఫాంలో ఉన్నవాళ్ళు కాదు, ఆ శాఖలో పనిచేసే పౌర ఉద్యోగులు, సాధారణంగా ముగ్గురు. చట్టం వీళ్ళకిచ్చిన అధికారం రెండు మాటల్లో ఉంది: పొరపాటు సరిదిద్దడం, అన్యాయం తొలగించడం. ఆ రెండో మాట చాలా విశాలమైనది, దాన్ని ఎంత వాడుకోవాలన్నదే అసలు గొడవ.

ఆర్మీలో అయితే ముందు పతకాల విభాగానికే రాయాలి. వాళ్ళు కాదంటే డీడీ 149 అనే ఫారంతో బోర్డుకి వెళ్ళాలి. తప్పు తెలిసిన మూడేళ్ళలోపు అడగాలని గడువుంది, న్యాయం కోసం అవసరమనుకుంటే బోర్డు దాన్ని పక్కన పెట్టొచ్చు. ఎదురుగా కూర్చుని చెప్పుకునే అవకాశం హక్కుగా రాదు, దాదాపు అన్నీ కాగితాల మీదే తేలుస్తారు. ఆర్మీ బోర్డు 90 శాతం కేసులు 10 నెలల్లో, ఏదైనా సరే 18 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. గెలిస్తే డీడీ 215 అనే సవరణ పత్రం వస్తుంది.

బోర్డు రెండు సూత్రాలతో మొదలుపెడుతుంది. ప్రభుత్వ రికార్డు సరిగ్గానే రాశారని ముందుగా అనుకుంటుంది. అది తప్పని చూపాల్సిన భారం దరఖాస్తుదారుడిదే. క్రిమినల్ కేసులాగా అనుమానానికి తావు లేకుండా నిరూపించనక్కర్లేదు, తక్కెడ కొంచెం ఇటు మొగ్గితే చాలు. వినడానికి తేలిగ్గా ఉంటుంది. ఆచరణలో ఎలా ఉంటుందో ఇంకో ఊహాజనిత ఉదాహరణలో చూద్దాం.

ఒకాయన 1968లో రాకెట్ దాడిలో భుజానికి ముక్క తగిలిందంటాడు. ఆయన దగ్గరున్నవి: ఇటీవలి ఎక్స్‌రే, తోటి సైనికుడి సంతకంతో వాంగ్మూలం, అప్పట్లో తల్లికి రాసిన ఉత్తరం. ఎక్స్‌రే వల్ల లోపల లోహం ఉందని తెలుస్తుంది, అది ఎప్పుడు దిగిందో తెలియదు. వాంగ్మూలం దాడి జరిగిందని చెబుతుంది, కానీ యాభై ఏళ్ళ తర్వాత రాసింది. ఉత్తరానికి బలం ఎక్కువ, ఆనాటిది, పైగా పతకం కోసం రాసింది కాదు. ఇంతవరకూ శత్రువు, గాయం రెండూ కొంత నిలబడ్డాయి. వైద్యం చేసింది ఎవరన్నది మిగిలిపోయింది. తోటి సైనికుడు "డాక్టరు కుట్లు వేస్తుండగా నేను పక్కనే ఉన్నాను" అని రాసి ఉంటే ఒక లెక్క, "అతనికి దెబ్బ తగిలిందని విన్నాను" అని రాస్తే ఇంకో లెక్క. ఆ రోజు ఆ స్థావరం మీద దాడి జరిగినట్టు యూనిట్ నివేదిక దొరికితే మొత్తం బొమ్మ మారిపోతుంది. ఏ ఒక్క కాగితమూ గెలిపించదు, ఒకదాన్ని ఒకటి పట్టి నిలబెట్టాలి.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. మాజీ సైనికుల శాఖ, అంటే వీఏ, అదే గాయానికి వైకల్య పరిహారం ఇస్తూ ఉండొచ్చు. అయినా ఆర్మీ బోర్డు దానికి కట్టుబడి ఉండదు. వీఏ చూసేది ఈ సమస్య సర్వీసు వల్ల వచ్చిందా అని, బురదలో జారి పడినా పరిహారం ఇవ్వగలదు. శత్రువు వల్లేనా అన్నది పతకానికి కావాలి. రెండు ఆఫీసులు రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతున్నాయి.

2014లో కోర్టు అడిగింది

ఈ మొత్తం వ్యవహారంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది 2014లో వాషింగ్టన్‌లోని డీసీ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఇచ్చిన తీర్పు. 1969లో వియత్నాంలో రాకెట్ దాడిలో ఒక సైనికుడి ముఖానికి ముక్కలు తగిలాయి, చికిత్స చేశారు. వైద్య బృందం మిగతా క్షతగాత్రులతో సతమతమవుతోంది, ఆయన అక్కడ ఆగకుండా తన బారక్‌కి వెళ్ళిపోయారు, కాగితాలు పూర్తి కాలేదు. ముఖానికి కట్లతో ఉన్న ఆనాటి ఫోటోలున్నాయి. బోర్డు మాత్రం వైద్య రికార్డు లేదు కాబట్టి పతకం లేదంది.

కోర్టు ఆ తర్కాన్నే పట్టుకుంది. ఆయన వచ్చిందే రికార్డు రాయకపోవడం పొరపాటు, దిద్దండి అని. రికార్డు లేదు కాబట్టి దిద్దం అంటే, ఆ బోర్డుని పెట్టిన ఉద్దేశమే దెబ్బతింటుంది. ఆ నిర్ణయం హేతువుకి నిలవదని కోర్టు కొట్టేసింది. దీని అర్థం కాగితం లేకపోయినా అడిగినవాళ్ళందరికీ ఇవ్వాలని కాదు. లేని కాగితాన్ని వంకగా పెట్టి మిగతా సాక్ష్యాన్ని చూడకుండా తోసెయ్యకూడదని.

కఠినంగా ఉండాలనేవారి మాట, ఉండకూడదనేవారి మాట

కఠినంగా ఉండాలనేవాళ్ళకి బలమైన కారణాలే ఉన్నాయి. ఈ పతకం రక్తంతో వచ్చింది, చనిపోయినవాళ్ళ తల్లిదండ్రుల చేతుల్లోనూ ఇదే పెట్టారు. జరగని గాయాలు చెప్పుకున్నవాళ్ళు, తొడుక్కోని యూనిఫాం తొడుక్కున్నామన్నవాళ్ళు నిజంగానే పట్టుబడ్డారు. జ్ఞాపకం కూడా మోసం చేస్తుంది, అబద్ధమాడే ఉద్దేశం లేనివాడికీ యాభై ఏళ్ళలో రెండు సంఘటనలు కలిసిపోవచ్చు. పైగా పతకంతో కొన్ని ప్రయోజనాలు ముడిపడ్డాయి: వీఏ వైద్యంలో మూడో ప్రాధాన్య వర్గం, 2001 సెప్టెంబరు 11 తర్వాత పతకం పొందినవారికి చదువు ఖర్చుల పథకం పూర్తిగా, 2020 నుంచి మిలటరీ సరుకుల దుకాణాల్లో ప్రవేశం. నెలనెలా డబ్బేమీ రాదు, అయినా ప్రజల సొమ్ముతో నడిచే వాటికి రుజువు అడగడంలో తప్పు లేదు.

అవతలివాళ్ళు అడిగేది ఇంకోటి. రికార్డు రాయాల్సింది ఎవరు? భద్రపరచాల్సింది ఎవరు? రెండూ సైన్యమే. రాయనిదీ కాల్చుకున్నదీ వాళ్ళయితే, ఆ లోటు భారం గాయపడినవాడి మీద ఎందుకు వేయాలి? నేను ఈ వైపే మొగ్గుతాను, ముఖ్యంగా 1973 మంటల్లో ఫైలు పోయినవాళ్ళ విషయంలో. వాళ్ళ రికార్డు సరిగ్గానే ఉందని ముందుగా అనుకోవడానికి అసలు రికార్డే లేదు కదా.

మన దేశంలోనూ ఈ చిక్కు ఉంది, పేర్లు వేరు. 1973లో పరాక్రమ్ పదక్ పేరుతో మొదలై ఇప్పుడు వూండ్ మెడల్ అంటున్న పతకం మనకీ ఉంది. గాయాన్ని యుద్ధంలో అయినట్టు నమోదు చేశారా, మామూలు గాయంగా రాశారా అన్నదాని మీద పెన్షన్ కూడా ఆధారపడుతుంది. సరిహద్దులో గస్తీ తిరుగుతూ గాయపడ్డ జవాను ఏ గడిలోకి వస్తాడన్న వివాదాలు ఆర్మ్డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి చేరుతుంటాయి, తెలుగు రాష్ట్రాల కేసులు దాని చెన్నై బెంచి పరిధిలో ఉన్నాయి. ఇంటికొకరు సైన్యంలోకి వెళ్ళే పశ్చిమ గోదావరి మాధవరం లాంటి ఊళ్ళలో ఈ తేడా బాగా తెలుసు.

అమెరికాలో దరఖాస్తుదారుడు చనిపోతే అక్కడితో ఆగదు. భార్య, పిల్లలు, చట్టబద్ధ వారసులు అడగొచ్చు. చాలాసార్లు అలాగే జరుగుతుంది కూడా, తండ్రి ఎప్పుడూ నోరు విప్పి చెప్పని యుద్ధం గురించి పెట్టెలో ఒక ఉత్తరమో, కట్టుతో ఉన్న ఫోటోనో దొరికాక కూతురో కొడుకో మొదలుపెడతారు. ఇంతమందికి పర్పుల్ హార్ట్ ఇచ్చాం అని పేర్లతో సహా చెప్పే పూర్తి అధికారిక జాబితా ప్రభుత్వం దగ్గర లేదు. న్యూబర్గ్ పక్కనే న్యూ విండ్సర్‌లో 2006లో తెరిచిన పర్పుల్ హార్ట్ గౌరవ భవనంలో పేర్ల నమోదు జరుగుతోంది. అందులో పేరు ఎక్కాలన్నా కుటుంబమే ముందుకొచ్చి కాగితాలు పంపాలి.